మ్యాగ్నెట్ మోటార్ రోటర్‌కి నిజంగా ఎంత ప్రెసిషన్ కావాలి? జాబ్ లేత్‌కి ఇచ్చే ముందు చూసి చెప్పండి

బెజవాడ_రోటర్:

అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ, డిప్లొమా ఎలక్ట్రికల్ చదివాను, చాలా కాలంగా ఇంట్లో ఒక ఎక్స్‌పెరిమెంటల్ మ్యాగ్నెట్ మోటార్ చేద్దామని ఉంది, ఇప్పటికి మ్యాగ్నెట్లు చేతికొచ్చాయి. నియోడిమియం, ఎన్42, 20 ఎంఎం డయా 10 ఎంఎం మందం. నా డిజైన్ ఏంటంటే 130 డయా 20 మందం అల్యూమినియం డిస్క్ (ఇదే తిరిగే రోటర్), దాంట్లో 100 పీసీడీ మీద, అంటే సెంటర్లన్నీ 100 ఎంఎం డయా వృత్తం మీద పడేలా 12 గుంతలు, ఒక్కో గుంతలో ఒక మ్యాగ్నెట్. షాఫ్ట్ బేరింగ్ దగ్గర 12 ఎంఎం, రెండు వైపులా 6201 బేరింగులు, వాటిని పట్టుకోడానికి రెండు అల్యూమినియం సైడ్ ప్లేట్లు. స్టేటర్ (కదలని భాగం) వైపు మ్యాగ్నెట్లు యాంగిల్ మార్చుకునేలా బ్రాకెట్ల మీద ఉంటాయి. ఎయిర్ గ్యాప్, అంటే రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య ఖాళీ, 0.5 ఎంఎం అనుకున్నాను.

డ్రాయింగ్‌లో అన్ని కొలతలకీ ప్లస్ ఆర్ మైనస్ 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు) అని రాసి ఆటోనగర్ తీసుకెళ్ళాను. ఒక షాపాయన ఇది మా వల్ల కాదు గ్రైండింగ్ ఉన్న చోటికి వెళ్ళమన్నారు, ఇంకొకాయన చేస్తానన్నారు కానీ చెప్పిన రేటు మ్యాగ్నెట్ల ఖరీదుకి మూడింతలు ఉంది. అంత పెట్టే ముందు తెలిసినవాళ్ళని అడుగుదామని ఇక్కడ రాస్తున్నా. ఇందులో నిజంగా మైక్రాన్లలో ఉండాల్సింది ఏది, లేకపోయినా నడిచేది ఏది? గుంతలు ప్రెస్ ఫిట్ (మ్యాగ్నెట్ గట్టిగా నొక్కితేనే దిగేలా) పెట్టాలా? షాఫ్ట్ మామూలు స్టీల్ వాడొచ్చా లేక ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) వెయ్యాలా?

ఇంకో ముఖ్యమైన డౌట్. హోవార్డ్ జాన్సన్ అనే అమెరికన్‌కి 1979లో పర్మనెంట్ మ్యాగ్నెట్ మోటార్ మీద పేటెంట్ వచ్చింది, నంబర్ 4151431, మొత్తం చదివాను. చాలా వీడియోల్లో ఏం చెప్తున్నారంటే ఇంట్లో చేసినవాళ్ళవి తిరక్కపోడానికి కారణం మెషినింగ్ సరిగ్గా లేకపోవడమే, గ్యాప్ అన్ని చోట్లా ఒకేలా ఉంటే కరెంట్ లేకుండా తిరుగుతుందని. ఇది నిజమేనా? పెద్దలు కాస్త వివరంగా చెప్పండి.

టూల్‌రూమ్_బాలానగర్:

తమ్ముడూ, చానా ఏండ్లు టూల్ రూముల పని చేసినోణ్ణి, మెషినింగ్ సంగతి నేను చెప్త, కరెంటు లేకుంట తిరుగుతదా అన్నది మోటార్లు తెలిసినోళ్ళు చెప్తరు.

ముందుగాల ఆ డ్రాయింగ్ మార్చు. అన్నిటికీ 5 మైక్రాన్లు అని రాస్తే టర్నర్‌కి నీకు ఏది ముఖ్యమో అర్థం కాదు, భయపడి రేటు పెంచుతడు, లేకుంటే సరే అని తల ఊపి వెర్నియర్‌తోని కొలిచి ఇస్తడు, రెండూ నీకు నష్టమే. డిస్క్ బయట డయా 130 బదులు 129.8 వస్తే నీ మోటార్‌కి ఏం కాదు. మందం 20 బదులు 19.9 అయినా ఏం కాదు. నీకు కావల్సింది కొలత కాదు, ఒకదానికొకటి ట్రూగ ఉండుడు. షాఫ్ట్ సెంటర్‌కి డిస్క్ ముఖం లంబంగ ఉందా, రెండు బేరింగ్ సీట్లు ఒకే లైన్ల ఉన్నయా, గుంతలు సెంటర్ నుంచి సమాన దూరంల ఉన్నయా, ఈ మూడు చూసుకో చాలు.

షాఫ్ట్‌కి ఈఎన్8 (మామూలు కార్బన్ స్టీల్) చాలు. బేరింగులు మ్యాగ్నెట్లకి దూరంగ ఉంటె షాఫ్ట్ స్టీల్ అయినా నడుస్తది. ఎస్ఎస్ కావాలంటె 304 కన్నా 316 మంచిది, ఎందుకంటె 304 టర్నింగ్ చేసినప్పుడు పైపొర గట్టిపడి కొంచెం మ్యాగ్నెట్‌కి అంటుతది, చానామందికి ఈ సంగతి తెల్వదు. షాఫ్ట్‌ని చక్కుల పట్టి తిప్పి తిప్పి చెయ్యనియ్యకు, రెండు దిక్కులా సెంటర్ డ్రిల్ కొట్టిచ్చి బిట్వీన్ సెంటర్స్, అంటె రెండు కొనల సెంటర్ల నడుమ పట్టి చెయ్యమను. అప్పుడు రెండు బేరింగ్ సీట్లు, నడిమిట్ల డిస్క్ కూసునే స్టెప్పు అన్నీ ఒకే సెంటర్‌కి వస్తయి. నడిమి స్టెప్పు 15 ఎంఎం పెట్టుకో, డిస్క్ బోరు 15 హెచ్7 (కొలతల ఎంత తేడా ఉండొచ్చో చెప్పే టాలరెన్స్ గ్రేడ్) రీమర్‌తోని చెయ్యొచ్చు. బేరింగ్ సీటు 11.997 నుంచి 12.008 లోపల రావాలె, ఇక్కడ మాత్రం మైక్రోమీటరే, వెర్నియర్ వద్దు.

డిస్క్ సంగతి విను. బోరు కొట్టి రీమ్ చేసినంక దాన్ని నీ సొంత షాఫ్ట్ మీదనే ఎక్కియ్యి, నట్టుతోని బిగియ్యి, అప్పుడు బయట డయా, రెండు ముఖాలు ఫినిష్ కట్ తీయమను. బోరు ఒక వెంట్రుక వాసి పక్కకున్నా ఈ పద్ధతిల అది పోతది, డిస్క్ తన షాఫ్ట్‌కి తనే ట్రూ అయితది. డయల్ గేజ్ పెట్టి తిప్పితె ముఖం మీద రెండు గీతలు, అంటె 0.02 లోపల రావాలె. మంచి లేత్, మంచి చెయ్యి ఉంటె ఇది పెద్ద కష్టం కాదు, గ్రైండింగ్ అక్కర్లేదు. మళ్ళ డిస్క్ షాఫ్ట్ మీద నుంచి తీసే ముందు రెండిటి మీద మార్కింగ్ పెట్టుకో, అదే పొజిషన్‌ల తిరిగి ఎక్కియ్యాలె.

సైడ్ ప్లేట్లు రెండూ విడివిడిగ బోర్ చెయ్యనియ్యకు. ఒకదాని మీద ఒకటి పెట్టి డోవెల్ పిన్నులు కొట్టి, బిగిచ్చి, ఒకే సెట్టింగుల 32 బోరు కొట్టియ్యి. టాలరెన్స్ హెచ్7, అంటె 32.000 నుంచి 32.025. మీ ఆటోనగర్ల ఇంజన్ బ్లాకులకి లైన్ బోరింగ్ చేసేటోళ్ళు ఉంటరు కద, రెండు సీట్లు ఒకే లైన్ల రావుడు అంటే ఏందో వాళ్ళకి నువ్వు చెప్పేదేం ఉండదు, అసొంటోళ్ళ దగ్గరికి పో. ఒక బేరింగ్‌ని సర్‌క్లిప్ పెట్టి కదలకుంట చెయ్యి, రెండోదాన్ని కొంచెం జరిగేటట్టు వదులు, లేకుంటె ప్లేట్లు వేడెక్కినప్పుడు బేరింగులు పక్కకి నొక్కుకపోయి బిగుసుకుంటయి.

ఇంకొకటి, అల్యూమినియం జాబ్ మిషన్ మీద నుంచి తీయంగనే కొలవనియ్యకు. 32 బోరు గది వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువున్నప్పుడు కొలిస్తె దాదాపు 15 మైక్రాన్లు పెద్దగ చూపిస్తది. కొలత బరాబర్ వచ్చిందని తీసేస్తరు, చల్లారినంక బేరింగ్ ఎక్కదు, అప్పుడు సుత్తెతోని కొడ్తరు, ఆ బేరింగ్ ఇంక ఎన్నడూ మెత్తగ తిరగదు.

స్టేటర్ బ్రాకెట్లకి ప్రెసిషన్ మీద పైసలు పెట్టకు. స్లాట్ కొట్టి బోల్టు పెట్టు, ఎట్లనూ నువ్వే జరుపుకుంటవు కద. గ్యాప్ 0.5 కాకుంట ముందుగాల 1 ఎంఎంతోని మొదలుపెట్టు.

అనంతపురం_గాలిమర:

టూల్‌రూమ్ అన్న చెప్పింది అక్షరాలా పాటించు బ్రో, నేను మ్యాగ్నెట్ల గురించి మాత్రం చెప్తా, మేము ఇక్కడ చిన్న గాలిమరలకి యాక్సియల్ ఫ్లక్స్ జనరేటర్లు (మ్యాగ్నెట్లు డిస్క్ ముఖం మీద ఉండే రకం) చేస్తుంటాం, ఇవే మ్యాగ్నెట్లతో రోజూ పని.

ప్రెస్ ఫిట్ అస్సలు వద్దు. నియోడిమియం చూడ్డానికి స్టీల్ లాగా మెరుస్తుంది కానీ పింగాణీ లాగా పగుల్తుంది. నువ్వు కొన్న మ్యాగ్నెట్లే ఒక్కోటి 0.1 దాకా తేడా ఉంటాయి, అందుకని ముందు ప్రతిదాన్నీ కొలువు, స్టీల్ వెర్నియర్‌కి అంటుకుని రీడింగ్ రానివ్వదు కాబట్టి ప్లాస్టిక్ వెర్నియర్ వాడు. అన్నిటికన్నా పెద్దదాని కన్నా ఒక 0.1 ఎక్కువ ఉండేలా గుంత కొట్టించు, ఆ సందులో ఎపాక్సీ పడుతుంది, సందే లేకపోతే జిగురంతా బయటికి నెట్టేసి లోపల పొడిగా ఉంటుంది. గుంత అడుగున 2 ఎంఎం రంధ్రం కచ్చితంగా పెట్టించు, లేకపోతే లోపల గాలి చిక్కుకుని మ్యాగ్నెట్‌ని పైకి తంతా ఉంటుంది, రేపు మ్యాగ్నెట్ మార్చాల్సి వచ్చినా వెనక నుంచి తోయడానికి అదే దారి. గుంత లోపల, మ్యాగ్నెట్ పైన అసిటోన్‌తో తుడిచాకే జిగురు పెట్టు.

మ్యాగ్నెట్ సైజు సరిపోలేదని దాన్ని డ్రిల్ చేయడం, రాయడం లాంటివి ఎప్పుడూ చేయొద్దు, ఆ పొడి అంటుకుంటుంది, మండుతుంది, పైన నికెల్ కోటింగ్ పోతే లోపల తుప్పు పట్టి పొడిపొడి అయిపోతుంది. మామూలు ఎన్42 గ్రేడ్ 80 డిగ్రీల వరకే, కాబట్టి ఎపాక్సీ త్వరగా ఆరాలని హీట్ గన్ పెట్టొద్దు. మెషినింగ్, డీబరింగ్, కడగడం మొత్తం అయిపోయాక ఇంటికి తెచ్చుకుని మ్యాగ్నెట్లు పెట్టుకో, లేత్ షాపులోకి మాత్రం తీసుకెళ్ళొద్దు, అక్కడి ఇనప రజనంతా దీనికి పట్టుకుంటే గ్యాప్‌లో గీసుకుంటూ ఉంటుంది, తీయడం నరకం.

నీ డిజైన్‌లో నాకు నచ్చింది గుంతలు ముఖం వైపు నుంచి ఉండడం. చాలామంది డిస్క్ చుట్టుపట్టీ మీద బయట నుంచి గుంతలు కొట్టి ఒట్టి జిగురుతో అతికిస్తారు. లెక్క వేసి చూడు, నీ మ్యాగ్నెట్ ఒక్కోటి దాదాపు 23.5 గ్రాములు. 50 ఎంఎం రేడియస్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర దాన్ని బయటికి లాగే బలం సుమారు 12 కేజీలు. 6000కి పోతే రెండింతలు కాదు నాలుగింతలు, అంటే 47 కేజీల పైనే. చుట్టుపట్టీ మీద ఉంటే ఆ బలమంతా జిగురే మోయాలి. నీ డిజైన్‌లో గుంత బయట 5 ఎంఎం అల్యూమినియం గోడ ఉంది, బలం గోడ మీద పడుతుంది, జిగురు కేవలం పక్కకి రాకుండా పట్టుకుంటుంది. అయినా ముఖం మీద 1 ఎంఎం హైలం (కరెంట్ పారని గట్టి లామినేట్) షీట్ ఒకటి వేసి ఇత్తడి స్క్రూలు బిగించు, ఆ షీట్ మందాన్ని గ్యాప్ లెక్కలో కలుపుకో. తిప్పేటప్పుడు చుట్టూ ప్లైవుడ్ బాక్స్ పెట్టు, కళ్ళద్దాలు పెట్టుకో, రోటర్‌కి ఎదురుగా నిలబడొద్దు. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే వాళ్ళని ఆ గదిలోకే రానివ్వొద్దు.

ఎడ్డీ కరెంట్ల (మ్యాగ్నెట్ కదిలితే దగ్గరున్న లోహంలో పుట్టే సుడి కరెంట్లు) గురించి కూడా చెప్పాలి. నీ సైడ్ ప్లేట్లు అల్యూమినియం అన్నావు కదా, తిరిగే మ్యాగ్నెట్ల ముందు కదలని అల్యూమినియం దగ్గరగా ఉంటే అది బ్రేక్ లాగా పట్టేస్తుంది. ఇనుము కాదు కదా అంటుకోదు కదా అనుకుంటారు చాలామంది. ప్లేట్లని 40 ఎంఎం అయినా దూరం జరుపు, బ్రాకెట్లు, కాయిల్ పట్టుకునేవి హైలంతో చేయించు.

కోవై_వైండింగ్:

నమస్తే. మేం కోయంబత్తూరు తెలుగువాళ్ళం, పంపు మోటార్ల టెస్టింగ్‌లో పని చేస్తాను. మీరు చివర్లో అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్తాను, ఎందుకంటే డబ్బు పెట్టే ముందు మీకు తెలియాల్సింది అదే.

ఉత్త మ్యాగ్నెట్లతో తిరగదండి. మెషినింగ్ ఎంత బాగా చేసినా తిరగదు. రోటర్ మ్యాగ్నెట్ స్టేటర్ మ్యాగ్నెట్ దగ్గరికి వచ్చేటప్పుడు ఎంత పని దొరుకుతుందో, దాన్ని దాటి వెళ్ళేటప్పుడు అంతా తిరిగి ఇచ్చేయాలి. యాంగిల్ మార్చినా, షీల్డ్ పెట్టినా, మ్యాగ్నెట్లు వంపుగా అమర్చినా ఎక్కడ లాగుతుంది ఎక్కడ తోస్తుంది అన్నది జరుగుతుందే తప్ప ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొత్తం సున్నా. పైగా బేరింగ్ రాపిడి, గాలి, ఎడ్డీ కరెంట్లు ఎప్పుడూ తీసుకునేవే. ఈ ఆలోచన కొత్తది కాదు. మన భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే పాదరసంతో తనంతట తాను తిరిగే చక్రం గురించి రాశారు, యూరప్‌లో 1269లో పీటర్ పెరెగ్రినస్ మ్యాగ్నెట్ చక్రం గురించి రాశాడు. 2006లో డబ్లిన్‌కి చెందిన స్టియోర్న్ అనే కంపెనీ తమ మ్యాగ్నెట్ యంత్రం ఎనర్జీ పుట్టిస్తుందంటూ పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ శాస్త్రవేత్తల్ని పరీక్షకి పిలిచింది, 2009లో ఆ జ్యూరీ ఏకగ్రీవంగా ఎనర్జీ పుడుతున్నట్టు చూపించలేదని చెప్పింది. పేటెంట్ వచ్చింది కదా అంటారేమో, పేటెంట్ అంటే యంత్రం తిరిగిందని సర్టిఫికెట్ కాదు. మన దేశంలో అయితే పేటెంట్ల చట్టం 1970 సెక్షన్ 3లో మొదటి క్లాజే స్థిరపడిన ప్రకృతి సూత్రాలకి విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు.

ఇప్పుడు ప్రెసిషన్ సంగతి. వీడియోల్లో చెప్పింది తలకిందులు. రోటర్ వంకరగా ఉంటే రీడింగులు గజిబిజిగా వస్తాయి, ఆ గజిబిజిలో ఏదో మిగులుతున్నట్టు కనిపిస్తుంది. రోటర్ ఎంత ట్రూగా ఉంటే ఆ సున్నా అంత స్పష్టంగా కనిపిస్తుంది. నా మాట నమ్మక్కర్లేదు, మీరే కొలవండి. షాఫ్ట్ చివర ఒక పుల్లీ పెట్టి దారం చుట్టి, స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో లాగుతూ ప్రతి 5 డిగ్రీలకీ రీడింగ్ తీయండి, 72 రీడింగులు వస్తాయి. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తీసి సగటు చేస్తే బేరింగ్ రాపిడి పోతుంది. గ్రాఫ్ కాగితం మీద గీసి సున్నా గీతకి పైన ఉన్న గళ్ళు, కింద ఉన్న గళ్ళు లెక్కపెట్టండి, రెండూ సమానంగా వస్తాయి. మంచి రోటర్‌తో ఈ గ్రాఫ్ గీస్తే మోటార్ పుస్తకాల్లో కాగింగ్ టార్క్ (మ్యాగ్నెట్ల లాగుడు వల్ల షాఫ్ట్‌లో వచ్చే కుదుపు) అని చదివింది మీ చేతికి తగుల్తుంది, దాని విలువ చాలా ఎక్కువ.

అందుకని నేను ఆపేయమని చెప్పట్లేదు, ఆ రోటర్ తప్పకుండా చేయించండి. స్టేటర్ మ్యాగ్నెట్ల బదులు కాయిల్ పెట్టి, హాల్ సెన్సర్ (మ్యాగ్నెట్ వచ్చింది గుర్తుపట్టేది), ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్)తో పల్స్ మోటార్, అంటే కాయిల్‌కి ఆగి ఆగి కరెంట్ ఇచ్చే మోటార్ చేయండి. అదే రోటర్‌తో జనరేటర్ కూడా చేయొచ్చు. నష్టాలు ఎక్కడ పోతున్నాయో కొలవడం నేర్చుకుంటే మీరు నిజంగా మోటార్ ఇంజనీర్ అవుతారు.

నష్టం కొలవడానికి మీటర్లు కూడా అక్కర్లేదు. మీ డిస్క్, 12 మ్యాగ్నెట్లు కలిపి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా నా లెక్క ప్రకారం సుమారు 0.002 కేజీ మీటర్ స్క్వేర్. 1500 ఆర్‌పీఎం దగ్గర అందులో ఉండే ఎనర్జీ 24 జౌళ్ళు. 1500కి తిప్పి వదిలేయండి, 1400కి పడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఈ మధ్యలో పోయింది దాదాపు 3 జౌళ్ళు. 4 సెకన్లు పడితే నష్టం ముప్పావు వాట్. తర్వాత కాయిల్ తీసేసి మళ్ళీ, అల్యూమినియం ప్లేట్ దగ్గరికి జరిపి మళ్ళీ, ఇలా ఒక్కోటి మార్చి చూస్తే ఏది ఎంత తింటుందో వాట్లలో తెలిసిపోతుంది.

బెజవాడ_రోటర్:

చాలా చాలా థ్యాంక్స్ అండి అందరికీ. కోవై గారూ, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను, గ్రాఫ్ టెస్ట్ తప్పకుండా చేస్తాను, స్టేటర్ మ్యాగ్నెట్లతో ముందు అదే చేసి, తర్వాత కాయిల్ పెట్టి పల్స్ మోటార్‌కి వెళ్తాను. డ్రాయింగ్ మళ్ళీ గీశాను, టాలరెన్స్ ఇప్పుడు బేరింగ్ సీట్లు, డిస్క్ బోరు, ముఖం రన్ అవుట్ (తిరిగేటప్పుడు ఊగే తేడా) ఈ మూడిటికే ఉంది. లైన్ బోరింగ్ చేసే ఒక పెద్దాయన చూసి ఇది చేస్తానన్నారు, రేటు కూడా చాలా తగ్గింది. అయితే ఆయన దగ్గర మిల్లింగ్ మిషన్‌కి డీఆర్‌ఓ (పొజిషన్ చూపించే డిజిటల్ డిస్‌ప్లే) లేదు, పాత డివైడింగ్ హెడ్ (జాబ్‌ని సమాన భాగాలుగా తిప్పే పరికరం) ఉంది. దాంతో 12 గుంతలు సరిగ్గా వస్తాయా? బ్యాలెన్సింగ్ కూడా ఇంట్లో చేసుకోవచ్చా? ఇంకొకటి, పల్స్ మోటార్లలో పెట్టిన దానికన్నా పది రెట్లు వస్తుందని కొందరు మీటర్ రీడింగులు చూపిస్తున్నారు కదా, అవి ఎలా వస్తున్నాయి?

టూల్‌రూమ్_బాలానగర్:

డివైడింగ్ హెడ్ ఉంటె ఇంకా మంచిది తమ్ముడూ. మామూలుగ 40కి 1 రేషియో ఉంటది, 40ని 12తోని భాగిస్తె 3 చుట్లు, పైన మూడో వంతు. 18 రంధ్రాల సర్కిల్ ఉంటె 3 పూర్తి చుట్లు, 6 రంధ్రాలు. 15 సర్కిల్ అయితె 5 రంధ్రాలు, 21 అయితె 7. హ్యాండిల్ ఎప్పుడూ ఒకే దిక్కుకి తిప్పాలె, దాటిపోతె చానా వెనక్కి పోయి మళ్ళ ముందుకి రావాలె, లేకుంటె బ్యాక్‌లాష్ వచ్చి ఒక గుంత పక్కకి పోతది. పెద్దాయనకి ఎట్లనూ తెలిసే ఉంటది. ముందు 12 చోట్లా ఉత్త సెంటర్ డ్రిల్ కొట్టిచ్చి, పక్కపక్క సెంటర్ల దూరం 25.88 వస్తుందా చూసుకుని అప్పుడు గుంతలు కొట్టియ్యి. గుంతకి డ్రిల్ బిట్టు వద్దు, అడుగు చదునుగ ఉండాలె కద, బోరింగ్ హెడ్ లేకుంటె ఎండ్ మిల్ వాడమను.

బ్యాలెన్సింగ్ ఇంట్ల చేసుకోవచ్చు. రెండు తిన్నటి అంచులు లెవెల్ పెట్టి, వాటి మీద షాఫ్ట్ ఉంచి వదులు, బరువున్న దిక్కు కిందికొచ్చి ఆగుతది. కాని ఒకటి యాదుంచుకో, ముందుగాల మ్యాగ్నెట్లు లేకుంట ఒట్టి డిస్క్‌ని చెయ్యి. మ్యాగ్నెట్లు పెట్టినంక చేసేటప్పుడు ఇనుప టేబుల్ మీద చెయ్యకు, దగ్గర్ల స్క్రూడ్రైవర్ ఉన్నా అటే తిరిగి ఆగుతది, నువ్వేమో అక్కడ బరువుందనుకుంటవు. ఆ అంచులు సుత ఇత్తడివో గాజువో పెట్టుకో. మ్యాగ్నెట్లని డిజిటల్ కాటా మీద చెక్క ముక్క పెట్టి దాని మీద తూచి, సమాన బరువులు ఎదురెదురుగ వచ్చేటట్టు అమర్చు, సగం పని అక్కడే అయిపోతది. కిలో రోటర్‌కి 3000 ఆర్‌పీఎం దగ్గర జీ6.3 బ్యాలెన్సింగ్ గ్రేడ్ అంటె 20 గ్రాము మిల్లీమీటర్లు, అంటె 50 ఎంఎం దూరంల 0.4 గ్రాము తేడా ఉండొచ్చు. నీ రోటర్ 900 గ్రాముల చిల్లర, అటు ఇటుగ అంతే. ఎక్కువున్న దిక్కు డిస్క్ వెనకాల ముఖం మీద చిన్న డ్రిల్ కొట్టి తీసెయ్యి, గుంత గోడ దగ్గర మాత్రం కొట్టకు.

కోవై_వైండింగ్:

ఆ పది రెట్ల రీడింగులు ఎలా వస్తాయో చెప్తాను. 10 ఓమ్‌ల కాయిల్‌కి 10 ఓల్టుల పల్స్ పదో వంతు సమయం మాత్రమే ఇస్తున్నారనుకోండి, ఇండక్టెన్స్ పక్కన పెడదాం. పల్స్ ఉన్నప్పుడు 1 ఆంపియర్, 10 వాట్లు, సగటున 1 వాట్. కానీ కాయిల్ దగ్గర మీటర్ పెడితే సగటు ఓల్టేజ్ 1, సగటు కరెంట్ 0.1 చూపిస్తుంది, రెండూ గుణిస్తే 0.1 వాట్. నిజంగా ఇచ్చిన దాంట్లో పదో వంతే కనపడుతోంది, అవుట్‌పుట్ సరిగ్గా కొలిస్తే పది రెట్లు వచ్చినట్టే ఉంటుంది. మీటర్‌ని బ్యాటరీ వైపు పెట్టండి, బ్యాటరీకి కాయిల్ సర్క్యూట్‌కి మధ్యలో పెద్ద కెపాసిటర్ పెట్టి ఓల్టేజ్ ఊగకుండా చేసి, కెపాసిటర్ కన్నా బ్యాటరీ వైపున కరెంట్ కొలవండి.

ఇంకా మంచి పద్ధతి, బ్యాటరీనే తీసేసి 1 ఫ్యారడ్ సూపర్ కెపాసిటర్ మీద నడపండి. 12 ఓల్టులు తట్టుకునే మాడ్యూల్ తీసుకోండి, విడి సెల్ అయితే 2.7 ఓల్టులే. 12 నుంచి 10కి పడితే సరిగ్గా 22 జౌళ్ళు ఖర్చయ్యాయి. బ్యాటరీ ఓల్టేజ్ కాసేపు ఆపితే తనే పైకి లేస్తుంది, అది చూసి ఛార్జ్ అవుతోందని పొరపడేవాళ్ళు చాలామంది. అదే స్పీడ్ దగ్గర మీ రన్ డౌన్ టెస్ట్ (ఇందాక చెప్పిన తిప్పి వదిలేసే టెస్ట్)లో వచ్చిన వాట్లు, కెపాసిటర్ నుంచి పోయిన వాట్లు పక్కపక్కన రాసుకోండి. ఆ రెండిటి మధ్య తేడా కాయిల్ వేడి, మాస్‌ఫెట్ నష్టం. రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టండి, కాయిల్ గేజ్, చుట్లు అవి చూసి మార్చుకుందాం.